ఎక్సెల్ బొమ్మ వెనక తొమ్మిది ఫైళ్ళు

మతిమరుపు అనే మాట మన ఆడవాళ్ళ మీద ఎంత తేలిగ్గా వేసేస్తారో! స్టవ్ మీద పాలు, ఫోన్లో ఆడపడుచు, గేటు దగ్గర కూరలబ్బి, మావయ్యగారి బీపీ మాత్ర... నాలుగూ ఒక్కసారే పిలిస్తే ఒకటి జారుతుంది. జారినదే అందరికీ కనబడుతుంది, పట్టుకున్న మూడూ లెక్కలోకి రావు.

పెదవేగిలో మా ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి కూడా మొన్న అదే మాట అంది. "అమ్మా, నా బుర్ర పనిచెయ్యట్లేదే. ఈ నెల ఫైలు బదులు పోయిన నెలది పంపేశాను." వెనక నిలబడి చూశాను. పద్దెనిమిది విండోలు తెరిచి ఉన్నాయి, వాళ్ళ నాన్న పామాయిల్ గెలల లెక్కతో సహా. కింద టాస్క్‌బార్‌లో మాత్రం నాలుగే బొమ్మలు. ఆకుపచ్చ ఎక్సెల్ బొమ్మ ఒక్కదాని వెనకే తొమ్మిది ఫైళ్ళు, అన్నీ ఒకేలాంటి గళ్ళు.

బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, నాకు అష్టావధానం గుర్తొచ్చింది. భీమవరం దగ్గర యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతి శాస్త్రిగారు, చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు జంటగా శతావధానాలే చేశారు. వాళ్ళ ధారణ గొప్పదే. కానీ సభ ఏర్పాటు కూడా చూడండి. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన... ప్రతి పృచ్ఛకుడికీ ఒక అంశం, ఒక చోటు. అందరికీ ఒకే ముసుగు వేసి ఒకరి వెనక ఒకరిని దాస్తే ఎంతటి అవధానైనా తడబడడూ?

టాస్క్‌బార్ 1995లో విండోస్ 95తో వచ్చింది. తెరిచిన ప్రతి విండోకీ పేరుతో ఒక బటన్. విండోలు పెరిగేకొద్దీ బటన్లు కుంచించుకుపోయి పేర్లు తెగిపోయేవి. 2001లో ఎక్స్‌పీ ఒకే రకం వాటిని గుంపు కట్టింది. 2009లో విండోస్ 7 పేర్లు దాచి బొమ్మలు మిగిల్చింది, కావాలంటే పేర్లు తెచ్చుకోనిచ్చింది. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు ఆ వీలు తీసేసి, మళ్ళీ 2023లో ఇచ్చింది.

నన్నడిగితే టాస్క్‌బార్ ఎడమ పక్కన నిలువుగా ఉండాలి. తెర ఎలాగూ వెడల్పే కనుక, సరుకుల చీటీలా పేర్లు ఒకదాని కింద ఒకటి పూర్తిగా కనబడతాయి. గుంపు కట్టడం కూడా ఎక్సెల్‌వన్నీ ఒకచోట అని కాదు, ఒక పనికి కావలసినవన్నీ ఒకచోట అని. జీతాల ఫైలు, దాని మెయిలు, దాని రసీదు పక్కపక్కనే ఉండాలి. స్టీలువి కదా అని చెంచాలూ, బిందెలూ ఒకే అరలో పెడతామా? పోపుకి కావలసినవి పోపుల పెట్టెలో పెట్టుకుంటాం.

ఇదంతా విని అమ్మాయి నవ్వింది గానీ, టాస్క్‌బార్ సెట్టింగుల్లోకి వెళ్ళి పేర్లు కనబడేలా మార్చుకుంది. విండోస్, కంట్రోల్, డి మీటలు కలిపి నొక్కితే కొత్త డెస్క్‌టాప్ వస్తుందట. ఆఫీసుకొకటి, గెలల లెక్కకొకటి పెట్టుకుంది.

ఇక పొరపాట్లే రావని నేననను. పద్దెనిమిది పనులు పద్దెనిమిదే. కాకపోతే ఈసారి ఏదైనా జారితే తన బుర్రను తిట్టుకోకుండా, ముందు సర్దుడు ఎలా ఉందో చూసుకోమన్నాను. "సరేలే" అంది. మావయ్యగారి మాత్రల డబ్బాకి కూడా పూటల పేర్లు రాసి అంటించింది.