కంచె అవతలి జ్యోతి

ఒలింపిక్ జ్యోతి మాట వచ్చినప్పుడల్లా నాకు 2010లో కెనడా దేశపు వాంకూవర్ నగరం గుర్తుకు వస్తుంది. ఆ శీతాకాల క్రీడల జ్యోతి 106 రోజులు, దాదాపు 45,000 కిలోమీటర్లు ఊరూరా తిరిగింది. వేలాదిమంది సామాన్యులు దానిని చేతబట్టి పరుగెత్తారు. తీరా నగరం చేరాక, సముద్రపు ఒడ్డున వెలిగించిన ఆ జ్యోతి చుట్టూ ఎత్తయిన ఇనుప కంచె కట్టారు! చూడవచ్చిన జనం కంచె సందుల్లోంచి చూడవలసి వచ్చింది.

జనం నొచ్చుకున్నారు, గట్టిగా అడిగారు. నిర్వాహకులు విన్నారు. కొద్ది రోజుల్లోనే కంచెను జ్యోతికి దగ్గరగా జరిపారు. పక్కనున్న మేడపై నుండి చూసే వీలు కల్పించారు.

భద్రత అక్కరలేదని నేననను. విలువైన దానిని కాపాడవలసిందే. అయితే కాపాడటం వేరు, దూరం చేయటం వేరు గదా!

2012లో లండన్ జ్యోతిని స్టేడియం లోపలే ఉంచారు. టిక్కెట్టు లేనివారికి అది కనబడలేదు. 2016లో రియో నగరం మాత్రం కాండెలారియా చర్చి ఎదుట, ప్రజల నిమిత్తం మరొక జ్యోతిని వెలిగించింది. 2024లో పారిస్ వారు తోటలో నిలిపిన జ్యోతిని దగ్గర నుండి చూడటానికి రోజుకు 10,000 మందికి ఉచిత ప్రవేశమిచ్చారు. రాత్రివేళ అది బెలూనుతో 60 మీటర్ల ఎత్తుకు లేస్తే, వీధిలో నిలుచున్నవారు కూడా కన్నులారా చూశారు.

ప్రియ పాఠకులారా, అందరి పేరిట వెలిగించే దీపాన్ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించేవారు ముందుగా టిక్కెట్టు కొనలేనివాని పక్కన నిలబడి చూడాలి. అక్కడికి వెలుగు కనబడితే చాలు, ఆ చోటు సరియైనదే.