పైపు మీద రంగు చూసి నమ్మకండి

నేను హాస్టల్లో ఉండి కెమికల్ ఇంజనీరింగ్ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మన ఊళ్ల నుంచి రిఫైనరీలకి, ఎరువుల ఫ్యాక్టరీలకి షట్‌డౌన్ పనులకని కాంట్రాక్టు కూలీలుగా వెళ్లేవాళ్లు ఉన్నారు. ఇది వాళ్ల ప్రాణానికి సంబంధించిన విషయం.

తుప్పు మనకి కొత్త కాదు. పని అయ్యాక పార, కత్తి తుడిచి నూనె రాసి పెడతాం. ఇనుముకి నీరు, గాలి రెండూ తగిలితేనే తుప్పు. వాటిని తగలనివ్వకపోతే చాలు. ఫ్యాక్టరీలో పైపులకి రంగు వేసేదీ అందుకే. కానీ అక్కడ ఇనుముని లోపల్నుంచి తినేవి వేరే ఉంటాయి.

గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని మామూలు స్టీలు ట్యాంకులోనే నిల్వ చేస్తారంటే నేను మొదట నమ్మలేదు. అది ఇనుముని కొంచెం తిని, పైన ఐరన్ సల్ఫేట్ పొర కడుతుంది. ఆ పొరే ట్యాంకుకి కవచం. తేమ చేరి యాసిడ్ పలచబడిందా, కవచం పోతుంది, స్టీలు గబగబా కరుగుతుంది. అంటే ఇక్కడ పలచనిదే ఎక్కువ ప్రమాదం.

రిఫైనరీలో ఇంకో రకం. ముడిచమురులో ఉండే గంధకం, వేడి 250 డిగ్రీలు దాటాక, నీటితో పని లేకుండానే స్టీలుని తినేస్తుంది. స్టీలులో క్రోమియం 9 శాతం దాకా కలిపితే బాగా తట్టుకుంటుంది. మామూలు కార్బన్ స్టీలులో సిలికాన్ మరీ తక్కువుంటే ఇంకా తొందరగా అరిగిపోతుంది. బయటికి చూస్తే అన్నీ ఒకేలాంటి పైపులే.

2012 ఆగస్టు 6న అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రం రిచ్‌మండ్‌లోని షెవ్రాన్ రిఫైనరీలో జరిగింది ఇదే. 8 అంగుళాల పైపు. వంపుల దగ్గర మందం కొలుస్తూనే ఉన్నారు. పగిలింది మాత్రం వంపు కాదు, సిలికాన్ తక్కువున్న ఒక నిటారు ముక్క. ముందు చిన్న లీకు కనబడింది. ప్లాంటు ఆపకుండానే, ఎక్కడ కారుతోందో చూద్దామని పైపు మీద ఇన్సులేషన్ పీకారు. లీకు పెద్దదై ఆవిరి మేఘం 19 మందిని కమ్మేసింది. 18 మంది మంట అంటుకునే లోపే బయటపడ్డారు. ఫైరింజన్‌లో చిక్కుకున్న ఇంకొకాయన మంటల్లోంచి బయటికొచ్చాడు. అందరూ బతికారు. పొగ వల్ల చుట్టుపక్కల సుమారు 15,000 మంది వైద్యానికి వెళ్లారు.

దీనికి లెక్క కష్టమేం కాదు. 8 మిల్లీమీటర్ల పైపు 10 ఏళ్లకి 6 అయిందనుకోండి. ఏడాదికి 0.2 అరిగినట్టు. 4 కంటే తగ్గకూడదంటే ఇంకా 10 ఏళ్ల ఆయుష్షు. కానీ పదో ఏడు దాకా ఆగరు, సగం ఆయుష్షు గడిచేలోపే మళ్లీ కొలవాలి. లెక్క ఎంత సరిగ్గా వేసినా, కొలిచిన చోటు తప్పయితే అంతా తప్పే. రిచ్‌మండ్ నేర్పింది అదే.

మా బావ ఒక ప్లాంటులో ఇన్సులేషన్ హెల్పర్‌గా చేశాడు. ఒకచోట రేకు కింద దూది తడిసి ముద్దయి, ఎర్రటి నీళ్లు కారుతున్నాయంట. సూపర్‌వైజర్‌కి చెప్తే, "నీ పని నువ్వు చూస్కో" అన్నాడంట. తడిసిన ఇన్సులేషన్ నీళ్లని పైపుకి అంటించి ఉంచుతుంది. బయట రేకు తళతళలాడుతూనే ఉంటుంది, లోపల పైపు పొరలు పొరలుగా రాలుతుంటుంది. ఇంజనీరు సాబులు డ్రాయింగులో చూస్తారు. రేకు విప్పి కళ్లారా చూసేది మా బావలాంటోళ్లే. వాళ్ల మాట వినకపోతే ఇంకెవరి మాట వింటారు?

అందుకే వెళ్లేవాళ్లకి నా మాట. ఎర్రటి చార, ఉబ్బిన రేకు, తడి కనబడితే ఫోర్‌మన్‌కే కాదు, సేఫ్టీ ఆఫీసర్‌కీ చెప్పండి, కుదిరితే రాసి ఇవ్వండి. పాత పైపుల మీద కాలు పెట్టి ఎక్కొద్దు. లీకవుతున్న లైను నడుస్తుండగా ఇన్సులేషన్ విప్పమంటే, లైను ఆపారా, పర్మిట్ ఉందా అని అడగండి. అడిగితే కూలి పోతుందేమోనన్న భయం నాకూ తెలుసు. ఒక్కరు కాకుండా నలుగురు కలిసి అడగండి.

ఐటీఐ, డిప్లొమా చేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంకోటి ఆలోచించండి. అల్ట్రాసోనిక్ గేజ్ అని అరచేతిలో పట్టే పరికరం ఉంటుంది. జెల్ రాసి పైపుకి ఆనిస్తే, శబ్దం అవతలి గోడ దాకా వెళ్లి తిరిగొచ్చే టైముని బట్టి మందం చెప్తుంది. పైపు కొయ్యక్కర్లేదు. ఎన్‌డీటీ కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ పని మనమే చెయ్యొచ్చు. అప్పుడు రేకు విప్పేదీ మనోళ్లే, ఆ కొలత కాగితం మీద సంతకం పెట్టేదీ మనోళ్లే అవుతారు.

ఫోన్లో చదవలేని పెద్దోళ్లు ఎవరైనా పనికి బయల్దేరుతుంటే, ఇది వాళ్లకి చదివి వినిపించండి.