నిలబడి చెప్పే పావుగంట

పొద్దున్న పదింటికి తెల్లబోర్డు ముందు అందరం గుండ్రంగా నిలబడేవాళ్లం. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడ ఆగిపోయాను... ఒక్కొక్కరూ ఈ మూడు ముక్కలూ చెప్పాలి. పావుగంట దాటకూడదు. కూర్చుంటే కబుర్లు పెరుగుతాయని నిలబెడతారు. సాఫ్ట్‌వేర్‌వాళ్లు దీన్ని 'స్టాండప్‌' అంటారు. మా ఆవిడ మాత్రం 'మీ బడి ప్రార్థన అయిందా?' అని అడిగేది.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా మంచుకొండల్లో పదిహేడు మంది కూడి ఒక చిన్న ప్రకటన రాసుకున్నారు. 'ఎజైల్‌' అన్న పేరు అక్కడ స్థిరపడింది. ఏడాది పాటు కాగితాలు నింపి చివర్లో అంతా ఒకేసారి అప్పగించే బదులు, రెండేసి వారాలకు పనిచేసే ముక్క ఒకటి చూపించడం, వాడేవాళ్ల మాట విని మార్చుకోవడం. ముగ్గు వేస్తూ మధ్యలో వెనక్కి జరిగి చూసుకోవడం లాంటిదే.

2012లో నాకు ఎనిమిది మందిని అప్పగించారు. ఆరుగురు ఆ ఏడే కాలేజీ నుంచి వచ్చినవాళ్లు. రెండ్రోజులు శిక్షణ ఇచ్చి, గోడకు రంగురంగుల చీటీలు అంటించాను. పిల్లలు చక్కగా నిలబడేవారు. ఒకరితో ఒకరు కాదు, నాకేసి చూసే చెప్పేవారు. 'ఆగిపోయిందేమీ లేదు సార్‌'. నేనూ మురిసిపోయాను.

వాళ్లలో ఒకబ్బాయికి డబ్బు చెల్లించే పేజీ ఇచ్చాను. ఎనిమిది రోజులు వరసగా 'అయిపోవచ్చింది సార్‌' అన్నాడు. కస్టమరుకు చూపించే ముందురోజు రాత్రి నేను నొక్కి చూస్తే, ఒక్క బిల్లుకు రెండుసార్లు డబ్బు తీసుకుంటోంది. అతనికి మొదటివారమే తెలుసు. రాత్రిళ్లు ఒక్కడే కూర్చుని తంటాలు పడుతున్నాడు.

'చెబితే ప్రొబేషన్‌లోనే తీసేస్తారేమోనని సార్‌. చెల్లి ఫీజు నేనే కడుతున్నా' అన్నాడు.

తిడదామని తెరిచిన నోరు మూసుకున్నాను. స్టాండప్‌లో నా చేతిలో ఎప్పుడూ ఒక నోటుబుక్కు ఉండేది. ఎవరు ఎంత చేశారో రాసుకునేవాణ్ని. పదహారేళ్ల చదువులో 'తెలియదు' అన్నవాడికి గోడకుర్చీయే దక్కింది. మళ్లీ అదే బడి నేను తెరిచి, దానికి ఎజైల్‌ అని పేరు పెట్టాను.

మర్నాడు ఆ పేజీ లేకుండానే చూపించి, ఎందుకు లేదో చెప్పాం. కస్టమరు కాస్త విసుక్కున్నాడు, అంతే. సోమవారం నోటుబుక్కు సొరుగులో పెట్టి ముందు నేనే మొదలుపెట్టాను: 'శుక్రవారం నుంచి ఒక క్వెరీ దగ్గర ఆగిపోయాను. నాకు రావట్లేదు.' నటన కాదు, నిజంగానే రాలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివర్లో ఉన్న అమ్మాయి 'నేనొకసారి చూడనా సార్‌?' అంది. మధ్యాహ్నానికి తేల్చేసింది కూడా.

ఆగిపోయిన పనికి ఎర్రచీటీ అంటించాలన్నది నియమం. అప్పటిదాకా ఒక్కటీ లేదు. ఆ శుక్రవారానికి గోడమీద ఏడు. అందులో రెండు ఆ అబ్బాయివే. పై మేనేజరు అటుగా వెళుతూ ఆగి చూశాడు.

'ఏమిటయ్యా, నీ టీములో ఉన్నట్టుండి ఇన్ని సమస్యలొచ్చాయి?' అన్నాడు.