36 బొమ్మల ఓపిక

‘చేతిలో ఫోనుంది కదా, మళ్లీ ఇదెందుకు?’

పాత కెమెరా కొన్న ప్రతివాడికీ ఇంట్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. అడగడంలో తప్పులేదు. ఫోను ఫొటో తీస్తుంది, వెంటనే చూపిస్తుంది, అడిగినవాళ్లకు పంపిస్తుంది. నేను కొన్న కెమెరా చూపించదు, పంపించదు. బొమ్మ పడిందో లేదో కూడా రీలు కడిగించేదాకా చెప్పదు. దాని పేరు నికాన్ ఎఫ్‌ఎం2. 1982లో మార్కెట్లోకి వచ్చిన మోడల్. ముందు 50 ఎంఎం లెన్సు, వెనక గీతలు పడిన తోలు, పక్కన పాత స్టూడియో వాళ్లు రంగుతో వేసుకున్న నంబరు.

విజయవాడ గవర్నరుపేటలో, పాత కెమెరాలు బాగుచేసే ఓ పెద్దాయన దగ్గర దొరికింది. బేరం కంటే ముందు ఆయన నాకో పాఠం చెప్పారు. పాత కెమెరాను మూడింటితో చూడాలట... కన్ను, చెవి, వేలు.

కన్నుతో చూడాల్సింది లెన్సు. వెనక నుంచి టార్చిలైటు వేసి ముందు నుంచి చూస్తే, లోపల సాలెగూడులాంటి పోగులు కనిపించవచ్చు. అది ఫంగస్. మన కృష్ణా తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, బీరువాలో పెట్టి మరిచిపోయిన లెన్సులకు పట్టే తెగులు ఇదే. మొదట్లో అయితే తుడిస్తే పోతుంది. ముదిరితే గాజు మీది పూతనే తినేస్తుంది. చెవితో వినాల్సింది షట్టర్. ఒక సెకనులో పెట్టి నొక్కితే ‘టక్’మని తెరుచుకుని, సరిగ్గా సెకను తర్వాత ‘టక్’మని మూసుకోవాలి. మధ్యలో మూలిగిందంటే లోపల నూనె గడ్డకట్టినట్టే. ఇక వేలితో తడమాల్సింది వెనక తలుపు అంచున ఉండే నల్లటి స్పాంజి. ఏళ్లు గడిస్తే అది కరిగి, వేలికి తారులా అంటుకుంటుంది. అలా అంటుకుంటే వెలుతురు లోపలికి దూరి రీలు పాడవుతుంది. మార్పించుకుంటే సరిపోతుంది.

ఈ ఎఫ్‌ఎం2లో నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. బ్యాటరీ అయిపోయినా ఇది ఆగదు. లైటు మీటరు ఒక్కటే పడుకుంటుంది. షట్టర్ పూర్తిగా స్ప్రింగులూ పళ్ల చక్రాల మీదే నడుస్తుంది.

అదే లెన్సుకు ఇంకో కాపురం కూడా పెట్టాను. 2004లో వచ్చిన నికాన్ డి70 అనే డిజిటల్ కెమెరా. ఆరు మెగాపిక్సెళ్లే. ఇవాళ్టి ఫోన్ల ముందు ఆ అంకె చెప్పడానికే మొహమాటం! కానీ నికాన్ 1959 నుంచి తన ఎస్‌ఎల్‌ఆర్ లెన్సు బిగించే కట్టును దాదాపు అలాగే ఉంచింది కాబట్టి, ఫిల్ము కాలం లెన్సు దీనికీ బిగుస్తుంది. ఒకటే చిక్కు. ఆ పాత లెన్సు పెడితే డి70లో లైటు మీటరు పనిచేయదు. వెలుతురు మనమే అంచనా కట్టుకోవాలి. ఒకసారి తీసి, చూసి, సరిచేసుకోవాలి. పది పదిహేను సార్లయ్యాక కంటికి వెలుతురు లెక్క దానంతటదే వస్తుంది.

ఈ రెండూ భుజాన వేసుకుని ఓ సాయంత్రం కూచిపూడి వెళ్లాను. బందరు రోడ్డు మీద పామర్రు దాకా వెళ్లి, అక్కడ చల్లపల్లి దారి పడితే వస్తుంది ఆ ఊరు. పిల్లల నాట్య ప్రదర్శన ఉందని తెలిసి వెళ్లాను. వేదిక మీద వెలుతురు అంతంతమాత్రం. ఫ్లాష్ వేస్తే పిల్లల కళ్లు చెదురుతాయి కాబట్టి అది వద్దనుకున్నాను. 400 స్పీడు ఫిల్ము, లెన్సు పూర్తిగా తెరిచి ఎఫ్/1.8. అయినా మీటరు సెకనులో 60వ వంతుకు మించి ఒప్పుకోలేదు. గజ్జె కట్టిన కాలు ఆ వేగానికి దొరుకుతుందా? దొరకదు.

పక్క కుర్చీలో ఓ పెద్దాయన కూర్చున్నారు. ఎనభైకి దగ్గర్లో ఉంటారు. నా చేతిలో కెమెరాను, నా అవస్థనూ కాసేపు చూసి నవ్వారు.

‘‘రీలు కెమెరాయేనా అబ్బాయ్?’’

‘‘అవునండీ మాస్టారూ.’’

‘‘అయితే తొందరపడకు. తీర్మానం పడేదాకా ఆగు. అక్కడ నువ్వు కళ్లు మూసుకుని నొక్కినా బొమ్మ వస్తుంది.’’

జతి ముగింపులో వచ్చేది తీర్మానం. అడుగులన్నీ చివరి దెబ్బ మీదకు వచ్చి చేరతాయి. నర్తకి భంగిమలో ఒక్క క్షణం నిలిచిపోతుంది. ఆ క్షణం సెకనులో 60వ వంతు కంటే చాలా పెద్దది! కాకపోతే అది ఎప్పుడొస్తుందో తెలియాలంటే తాళం వినాలి. అప్పటిదాకా నేను నాట్యాన్ని కళ్లతోనే చూశాను. ఆ సాయంత్రం మొదటిసారి చెవులతో చూశాను. రెండు గంటల్లో నొక్కింది 36 సార్లే. నా ముందు వరసలో ఒకాయన ఫోనెత్తి పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వదల్లేదు. ఆయన తీసినవి ఎన్ని వందలో!

ప్రదర్శన అయ్యాక మాస్టారు ఇంటికి రమ్మన్నారు. వయసులో ఉన్నప్పుడు ఆయన స్త్రీవేషాలు వేసేవారట. సత్యభామ వేషానికి పెట్టింది పేరైన వేదాంతం సత్యనారాయణ శర్మగారు (1935-2012) పుట్టిన ఊరది. భామాకలాపంలో తెర మీదుగా జడ వేసి సత్యభామ ప్రవేశించే తీరును మాస్టారు కుర్చీలో కూర్చునే చేసి చూపించారు. తర్వాత ట్రంకుపెట్టె తెరిచి ఓ ఫొటో తీశారు. నలుపు తెలుపు, అరచేతి అంత. సత్యభామ వేషంలో పాతికేళ్ల మాస్టారు!

‘‘నా వేషానికి మిగిలింది ఇదొక్కటే’’ అన్నారు.

డెబ్భైల నాటి ముచ్చట అది. ఫొటోగ్రాఫరు దగ్గరున్నది ఆగ్‌ఫా క్లిక్ త్రీ. ఆ రోజుల్లో మన దేశంలో వేల ఇళ్లలో కనిపించిన డబ్బా కెమెరా. రీలుకు 12 బొమ్మలు. పెళ్లివారి కోసం 11 అయిపోయాయి. ఒక్కటి మిగిలింది. ఆట తెల్లవారుజామున ముగిసింది. ఫ్లాష్ లేదు. ఎండ వస్తేగానీ బొమ్మ పడదన్నాడట ఫొటోగ్రాఫరు. మాస్టారు నగలు తీయకుండా, రంగు కడుక్కోకుండా, జడ విప్పకుండా పొద్దెక్కేదాకా అరుగు మీద కూర్చున్నారు. ఒక్క బొమ్మ కోసం!

ఆ ఫొటో ఇప్పుడు అంచుల నుంచి పసుపెక్కుతోంది. ఓ మూల పురుగు తినేసింది. నెగెటివ్ తీసిన స్టూడియోలోనే ఉండిపోయింది. ఆ స్టూడియో మూతపడి చాలాకాలమైంది. కెమెరాలు అమ్ముడుపోయాయట. నెగెటివ్‌ల పెట్టెలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. కెమెరాకైతే ఎవరో ఒకరు ధర కడతారు. నెగెటివ్‌లకు కట్టేవాళ్లెవరు?

మర్నాడు పొద్దున కిటికీ పక్కన, నీడ వెలుతురులో ఆ ఫొటోను డి70తో తిరిగి తీశాను. అరచేతి అంత బొమ్మకు ఆరు మెగాపిక్సెళ్లు చాలు. నా రీలు కడిగించి తెచ్చాక, తీర్మానాల బొమ్మల్లో మంచివాటితో పాటు మాస్టారి ఫొటోనూ పెద్దగా ప్రింటు వేయించి పట్టుకెళ్లాను. ఆయన తన బొమ్మను పక్కనపెట్టి, ముందు పిల్లల బొమ్మలు చూశారు. ఒకదాంట్లో మొహం స్పష్టంగా ఉంది, కాళ్లు మాత్రం పొగలా కరిగిపోయాయి. ‘‘ఇది తీర్మానానికి ముందుది. అయినా బాగుంది. కాలు ఆడుతున్నట్టే ఉంది’’ అన్నారు. ఆ తర్వాత తన బొమ్మ వెనక్కి తిప్పి, వణుకుతున్న చేత్తో తన పేరూ, వేషం పేరూ, ఊరి పేరూ రాశారు.

పాత కెమెరా గొప్పదీ, కొత్తది తక్కువదీ అని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ శాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరా ఒక్క బొమ్మను క్యాసెట్ మీదకు ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకుంది. అక్కడి నుంచి ఇక్కడిదాకా రావడం మామూలు సంగతా? ఇటు ఫిల్ము ఖరీదు చూస్తే గుండె గుభేలుమంటుంది. ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్ములు అందించిన ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ మూతపడింది. ఇప్పుడు దిగుమతి రీళ్లే గతి. కొనడం, కడిగించడం కలిపితే ఒక్కో బొమ్మా పదులలో పడుతుంది. అందుకే నొక్కేముందు ఒక్క క్షణం ఆగుతాం. ఆ ఆగడం కోసమే నేనీ ఖర్చు పెడుతున్నాను.

మీకూ పాత కెమెరా మీద మనసైతే ముందు మీ అటక మీద వెతకండి. నాన్నగారిదో, బాబాయిదో దొరకొచ్చు. దాన్ని టార్చి వేసి చూడండి, షట్టర్ వినండి, స్పాంజి తడమండి. బాగుంటే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టండి. పక్కనే నెగెటివ్‌లు కనిపిస్తే పారేయకండి. వెలుతురుకు ఎత్తి ఒక్కొక్కటీ చూడండి. అందులో మీవాళ్లెవరో పొద్దెక్కేదాకా కూర్చుని తీయించుకున్న బొమ్మ ఉండొచ్చు.