చంటిపాప రక్తం చెప్పే సంగతి

హాస్టల్ వార్షిక సంచిక అంటే కవితలు, జోకులు, పెద్దల సందేశాలు ఎలాగూ ఉంటాయి. అందుకని ఇంటర్ బైపీసీ చదివే మేమంతా కలిసి ఈసారి ఒక జన్యువు గురించి రాద్దామనుకున్నాం. దాని పేరు బీసీఎల్11ఏ. పేరు వినగానే "ఇదేమన్నా బీసీ హాస్టల్ జన్యువా?" అని ఎంపీసీ మిత్రులు నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, మా మధ్యే ఉన్న ఒక మిత్రుడి నొప్పికీ దీనికీ సంబంధం ఉంది. అతను సరేనన్నాకే, పేరు చెప్పకుండా రాస్తున్నాం.

అతనిది ఏజెన్సీలోని ఒక గూడెం. చలికాలంలో చన్నీళ్ళ స్నానం చేసినా, ఎండలో నీళ్ళు తాగకుండా ఆడినా ఎముకలు పిండేసినట్టు నొప్పి వచ్చేది. దానికి బద్ధకమనీ, దొంగ నొప్పులనీ పేర్లు పెట్టారు. చివరికి రక్త పరీక్షలో సికిల్ సెల్ వ్యాధి అని తేలింది.

మన ఎర్ర రక్తకణాల్లో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. అందులోని బీటా గొలుసులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారితే, ప్రాణవాయువు తగ్గినప్పుడు గుండ్రని కణం కొడవలిలా వంగుతుంది. అలాంటి కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఆ నొప్పి దాని వల్లే.

అయితే ఈ వ్యాధితో పుట్టిన పిల్లలకు మొదటి కొన్ని నెలలు ఏ బాధా ఉండదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది. అందులో బీటాకు బదులు గామా గొలుసు ఉంటుంది కాబట్టి కణం వంగదు. శిశువులకు ఈ రక్తమే రక్ష అని 1948లోనే జానెట్ వాట్సన్ అనే వైద్యురాలు గమనించారు. పుట్టాక కొన్ని నెలలకు గామా తగ్గిపోయి బీటా వస్తుంది. బాధలూ అప్పుడే మొదలవుతాయి.

గామాను ఆపేదెవరు? 2008లో స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ బృందం దీనికి జవాబు చెప్పింది. రెండో క్రోమోజోమ్ మీద ఉన్న బీసీఎల్11ఏ జన్యువు ఒక ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. ఆ ప్రోటీన్ కణ కేంద్రకంలో ఉంటుంది. జింక్ వేళ్ళు అనే భాగాలతో గామా జన్యువు దగ్గర డీఎన్ఏను పట్టుకుని దానికి తాళం వేస్తుంది. జన్యువు ఎక్కడికీ పోదు, మూగబోతుంది అంతే.

అలాగని ఈ ప్రోటీన్‌ను శత్రువు అనుకోకూడదు. మెదడు ఎదుగుదలకు, బి లింఫోసైట్లు తయారవడానికి ఇది కావాలి. అందుకే శాస్త్రవేత్తలు జన్యువును మొత్తంగా చెడగొట్టకుండా, ఎర్ర రక్తకణాల వంశంలో మాత్రమే దాన్ని పనిచేయించే చిన్న డీఎన్ఏ ముక్కను క్రిస్పర్ కత్తెరతో కత్తిరించారు. రోగి మూలకణాలను బయటికి తీసి, మార్చి, తిరిగి ఎక్కిస్తారు. కాస్జెవీ అనే ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, అంటే అప్పటి లెక్కన 18 కోట్ల రూపాయలకు పైమాటే. మా మిత్రుడు ఆ అంకె విని, "మా గూడెం మొత్తం అమ్మినా రాదురా" అన్నాడు. మాకు ఏం చెప్పాలో తోచలేదు.

కానీ చేతిలో ఏమీ లేదని కాదు. హైడ్రాక్సీయూరియా మాత్ర చాలామందిలో చంటినాటి హిమోగ్లోబిన్‌ను పెంచి నొప్పులను తగ్గిస్తుంది. డాక్టరు చెప్పినట్టే వాడాలి. నీళ్ళు బాగా తాగాలి, చలిలో తడవకూడదు, జ్వరమొస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద రక్త పరీక్షలు చేస్తున్నారు. తల్లిదండ్రులిద్దరూ ఈ జన్యువు వాహకులైతే, ప్రతి కాన్పులో బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక్క జన్యువే మోసేవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. కాబట్టి పరీక్ష కార్డు సిగ్గుపడి దాచుకోవాల్సింది కాదు, పెళ్ళికి ముందు చూసుకోవాల్సింది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీ గదిలో ఎవరైనా మాటిమాటికీ నొప్పి అంటే నవ్వకండి. ఒక బకెట్ వేడినీళ్ళు తెచ్చివ్వండి, పరీక్షకు తోడు వెళ్ళండి. అన్నలారా, అక్కలారా! మీలో డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు అయినవాళ్ళు ఏడాదికి ఒక్కరోజు మన హాస్టల్‌కు వచ్చి పిల్లల రక్తం పరీక్షించండి. ఆ 18 కోట్ల వైద్యం మన గూడేల దాకా వచ్చేలా చేసేవాళ్ళు మనలోంచే రావాలని మా కోరిక.