బయ్యారం చెరువు గట్టున

బయ్యారం వెళితే పెద్దచెరువు చూడకుండా రాకండి. కాకతీయ గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించిన చెరువిది. శాసనంలో పేరు ధర్మకీర్తిసముద్రం. గట్టుమీద నేనూ, వదినా సకినాలు తింటూ కూర్చున్నాం.

"2024 సెప్టెంబరు వానలకు నీళ్లల్ల గడ్డంత కొట్టుకపోయిందనుకున్నం. సూడు, మల్లొచ్చింది" అంది వదిన. ఆ వానలకే కేసముద్రం దగ్గర రైలుపట్టాల కింద మట్టి కూడా నిలవలేదు మరి!

నాకు పులికాట్ గుర్తొచ్చింది. ఆ ఉప్పునీటి సరస్సులో సముద్రగడ్డి ఉంటుంది. నాచు అనుకునేరు, కాదు. వేళ్లు, పూలు, గింజలు ఉన్న అచ్చమైన మొక్క. పసుపు కొమ్ములా దీని కాండం మట్టిలోనే పాకుతూ పిండిపదార్థం దాచుకుంటుంది. తుఫాను ఆకులు తెంపేసినా ఆ నిల్వతో చిగురిస్తుంది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫానులాంటిది ఒకటి వచ్చిపోతే, నిల్వ మళ్లీ నిండడానికి కొన్నాళ్లు పడుతుంది. ఈలోగా నీళ్లు వేడెక్కినా, బురదకి వెలుతురు అందకపోయినా తట్టుకోవడం కష్టమే. ఇక మట్టిలో రాలిన గింజలే దిక్కు. అందుకని తుఫాను ఎంత పెద్దదో అడిగితే చాలదు, మునుపటిది వచ్చి ఎన్నాళ్లయిందో కూడా అడగాలి.

ఇదంతా చెబితే వదిన, "మరి వచ్చే ఏడు మల్ల గట్లనే కురిస్తే?" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను.