గచ్చు గోడ చల్లదనం

నేను పుట్టింది ఎల్లారెడ్డిలో, కోడలిగా వచ్చింది కామారెడ్డికి. ఈ రెండు ఊళ్ల పేర్లు ఇద్దరన్నదమ్ములవని నా చిన్నప్పుడు మా నాయన చెప్తుండేవాడు. బిక్కనవోలును, అంటే ఇప్పటి భిక్కనూరును ఏలిన కామినేని వారిలో ఎల్లారెడ్డి, కామారెడ్డి, మల్లారెడ్డి అన్నదమ్ములు. మల్లారెడ్డి కవి. 16వ శతాబ్దంలో ‘షట్చక్రవర్తి చరిత్ర’ రాశాడు. హరిశ్చంద్రుడు, నలుడు మొదలు కార్తవీర్యుడి దాకా ఆరుగురు రాజుల కథలు అందులో ఉన్నాయి. తర్వాతి తరాల్లో ఆ వంశం దోమకొండకు మారింది.

ఆ దోమకొండకు మా ఇంటి నుంచి బస్సులో ఎక్కువ దూరమేమీ లేదు. అయినా పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో మేమిద్దరం కోట లోపల అడుగు పెట్టలేదు. చుట్టాలొస్తే నిజాంసాగర్ తీసుకుపోతాం. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ఆ కట్ట మీద ఫొటోలు దిగి వస్తాం. లేదంటే పోచారం. దోమకొండలో పెళ్లికి పోయినా అన్నం తిని తిరిగొచ్చేవాళ్లం. ఈసారి మా ఇంటాయన రిటైరైన మొదటి వారంలోనే, “ఎక్కడికీ తొందర లేదు కదా, నడిచి చూద్దాం పా” అన్నాడు.

పొద్దున్నే బస్సెక్కాం. హైవే మీద హైదరాబాద్ వైపు కొంత దూరం పోయి ఎడమకు మళ్లింది. దోమకొండలో దిగి, తిన్నగా కోట తలుపు దగ్గరికి పోకుండా ముందు గోడ వెంట నడిచాం. మా అమ్మాయి పోయినేడు ఇటలీలో లుక్కా అనే ఊరు చూసొచ్చింది. ఆ ఊరి పాత కోటగోడ మీద చెట్ల నీడన నాలుగు కిలోమీటర్ల పైచిలుకు బాట ఉందట, ఊరంతా సాయంత్రం దాని మీదే నడుస్తుందట. ఆ ఫొటోలు చూసినప్పుడు నాకు అసూయ అనిపించింది. దోమకొండలో బురుజు పక్కన నిలబడి రాయి మీద రాయి ఎట్లా కూర్చోబెట్టారో చూస్తుంటే, మన గోడ చుట్టూ మనమెందుకు నడవలేదన్న బాధ కలిగింది.

ఒక ఇంటి అరుగు మీద ఓ పెద్దమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. తునికాకును కత్తెరతో కొలిచినట్టు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టడానికి ఆమెకు నాలుగు క్షణాలు కూడా పట్టడం లేదు. కళ్లు మా మీదే ఉన్నాయి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మంచినీళ్లిచ్చి కూర్చోమంది.

“గడిల ఇదివరకు అంత తుప్పలే బిడ్డా. పట్టపగలు పోవాలన్నా బుగులైతుండె. ఇప్పుడు మా మనుమరాలు పండుగకు మహాదేవుని గుడికాడ దీపం పెట్టొస్తది” అంది. సున్నం పనికి తన కొడుకు కూడా పోయాడని చెప్పినప్పుడు మాత్రం చేతులు ఆగాయి.

ఆ సున్నం పనేమిటో లోపలికి పోయాకే తెలిసింది. కోట ఇప్పటి రూపు ఎక్కువగా 18వ శతాబ్దం నాటిది. 1949లో జాగీర్లు రద్దయ్యాక ఇట్లాంటి గడీలు చాలా కూలిపోయాయి, కొన్నిటి రాళ్లు ఊళ్లోని ఇళ్లకు పునాదులయ్యాయి. దోమకొండది ఇప్పటికీ సొంతదారుల చేతిలోనే ఉంది. వాళ్లు ఆర్కిటెక్ట్ అనురాధా నాయక్‌తో ఏళ్ల తరబడి బాగు చేయించారు. ఊరివాళ్లకు, విద్యార్థులకు పాత పనితనం నేర్పించారు, ఊరి మనుషులు కూడుకోవడానికి చోటిచ్చారు. యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో 2022లో దోమకొండ కోటకు గుర్తింపు వచ్చింది. ఆ ఏడు ముంబైలోని బైకుల్లా రైల్వేస్టేషన్‌కూ అదే పురస్కారం ఇచ్చారు.

కోటలోని అద్దాల మేడ నీడలో గోడకు చెయ్యి ఆనించాను. బయట ఎండ మాడుస్తోంది, గోడ మాత్రం కుండలో నీళ్లలా చల్లగా ఉంది. గచ్చు నున్నగా ఉంది, కానీ పెయింటు నునుపు కాదది. అరచేతికి తగిలీ తగలనట్టు సన్నటి గరుకు. సున్నాన్ని నీళ్లలో నానబెట్టి, ఇసుకతో కలిపి, గానుగలో మెత్తగా నూరితే డంగుసున్నం. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోయడం పాత మేస్త్రీల పద్ధతి. సున్నం గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు అడ్డం పడి లోపలే ఆపుతుంది.

ఆ సంగతి తెలియగానే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా మామ కట్టించిన ఇంటి ముందు గది మట్టిగోడకు తొమ్మిదేళ్ల కింద సిమెంటు పూయించాం. గట్టిగా ఉంటుందనే చేశాం. మూడో వానాకాలానికే ఉబ్బింది, ఇప్పుడు చీపురు తగిలితే పెచ్చులు రాలుతున్నాయి. గోడలో లోపముందనుకున్నాం ఇన్నాళ్లూ.

మహాదేవుని గుడి దగ్గర చాలాసేపు కూర్చున్నాం. కాకతీయుల కాలం నాటిదంటారు. కోటకంటే గుడే పెద్దదన్న మాట, వయసులో. మా ఇంటాయన చెప్పులు పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా, రాతి స్తంభం మీద వేలితో గీత వెంట గీత తడిమాడు. ముప్పై నాలుగేళ్లు లెక్కల రిజిస్టర్లు రాసిన వేలు అది. అంత నిదానంగా ఆయన దేన్నైనా తాకడం నేను చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అరుగు దగ్గర ఆగాం. పెద్దమ్మ చాటలో కట్టలు పెరిగాయి.

“అవ్వా, మీ కొడుకు మట్టిగోడకు సున్నం పూస్తడా?” అని ఆయనే అడిగాడు.

“పూస్తడు. ముందుగాల ఆ సిమెంటంత గీకెయ్యాలె. గోడను కొన్నొద్దులు ఆరనియ్యాలె” అంది ఆమె, తల ఎత్తకుండానే.

కామారెడ్డికి చేరేసరికి దీపాలు పెట్టేవేళ దాటింది. ఆయన కాళ్లు కడుక్కోకుండానే ముందు గదిలోకి పోయి, బీరువాను గోడ నుంచి జరపడం మొదలుపెట్టాడు. నేను రెండో వైపు పట్టుకున్నాను.